తాత చెప్పిన రెండు మట్టలు

పోస్టు పెద్దదే. తీరిక ఉన్నప్పుడే చదవండి, సగం చదివి వదిలేస్తే మాకు బాధ.

మేం ముగ్గురం. ఇద్దరం కొండరెడ్లం, ఒకరం కోయ. ముగ్గురిదీ జువాలజీయే. ఊళ్లు శబరి అవతలివి, ఇవతలివి. ఏ ఊరో, ఏ వాగో మాత్రం ఇక్కడ రాయడం లేదు. ఎందుకో కింద చెప్తాం. చాలా రోజుల్నుంచి ఈ గ్రూపులో ఉద్యోగాల నోటిఫికేషన్లు, జీవో నంబర్లు, హాస్టల్ సమస్యలే నడుస్తున్నాయి. అవీ కావాల్సినవే. ఈసారి మేం చేపల గురించి రాస్తున్నాం.

మొదలు మాత్రం చేప దగ్గర కాదు, క్లాసులో. డిగ్రీ మొదటి ఏడాది పరిణామం పాఠం. సారు బోర్డు మీద నిచ్చెన గీశారు. అడుగు మెట్టు మీద ఒక చేప, పైన ఇంకో చేప, ఇంకా పైన కప్ప, బల్లి, కోతి, చివర్న ప్యాంటూ చొక్కా వేసుకున్న మనిషి. కింద చేపను చూపించి "ఇది ప్రిమిటివ్" అన్నారు. తర్వాత మా బెంచీ వైపు చూసి, "మన క్లాసులో కూడా ప్రిమిటివ్ ట్రైబ్ వాళ్లున్నారుగా" అన్నారు. క్లాసు నవ్వింది. ఆయన చెడ్డాయన కాదు, మా ఫీజు ఒకసారి తన జేబులోంచి కట్టారు కూడా. ఆ రోజు మేం కూడా నవ్వాం. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ కడుపులో తిప్పుతది. సర్కారు వాళ్లు 2006లోనే ఆ 'ప్రిమిటివ్' అన్న మాట తీసేసి 'ప్రత్యేకంగా బలహీనమైన గిరిజన సమూహాలు' అని మార్చారు. కాగితం మీద మారింది, బోర్డు మీద మారలేదు.

ఇక చేప సంగతి. మాలో ఒకరి తాత ఉన్నాడు, ముగ్గురం తాత అనే పిలుస్తాం. మావు అల్లడంలో మా వైపు ఆయన్ని మించినోళ్లు లేరు. వెదురు చీల్చి, సన్నగా గీరి, నోరు వెడల్పుగా, లోపల ముళ్ల గొంతు పెట్టి అల్లుతాడు. చేప లోపలికి పోతది, బయటికి రాదు. ఎండాకాలం సెలవుల్లో ఆయనతో వాగుకు పోయినప్పుడు మావులో రెండు మట్టలు పడ్డాయి. మట్ట అంటే కొరమీను చుట్టమే, జానెడు కూడా ఉండదు. పాము తల, జారే ఒళ్లు. మేం చదువుకున్నోళ్లం కదా, "తాతా, ఇది చన్నా" అన్నాం.

తాత నవ్వాడు. "ఏ మట్ట?" అన్నాడు.

మేం బిత్తరపోయాం. ఆయన లెక్కలో మట్టలు చాలా. చెరువుల్లో, పొలం గుంటల్లో ఉండే మట్టగిడస వేరు, అది నీటి మీద గూడు లాంటిది చేసి పిల్లల్ని కాస్తది. కొండ వాగుల్లో ఉండేది వేరు, అది పిల్లల్ని నోట్లో పెట్టుకుంటది. ఆ నోట్లో పెట్టుకునేది మగది అని కూడా ఆయనకు తెలుసు. ఈ కొండ వాగు మట్టలోనూ మళ్లీ రెండున్నాయట. జలపాతానికి పైన ఉండేది, కింద ఉండేది. "పైదాని రెక్క అంచు చూడు, దీని అంచు చూడు. పైది రాయి కిందకి దూరతది, ఇది వేరు కిందకి దూరతది. కూర రుచి కూడా వేరేరా అయ్యా." ఆయనకు ఇవి ఒక్క చేప కాదు. మేం అటూ ఇటూ తిప్పి చూశాం. నిజం చెప్పాలంటే మాకు రెండూ ఒకేలా కనపడ్డాయి.

కాలేజీకి వచ్చి పుస్తకం తీశాం. మట్టగిడస చన్నా పంక్టేటా. కొరమీను చన్నా స్ట్రయేటా, తెలంగాణ రాష్ట్ర చేప కూడా అదే. కొండ వాగులో నోట్లో పిల్లల్ని పెట్టుకునేది చన్నా గచువా. ఒక్కటే పేరు. 1822లో ఫ్రాన్సిస్ హామిల్టన్ అనే ఆయన గంగా నది చేపల మీద పుస్తకం రాస్తూ పెట్టిన పేరది. బెంగాల్ వైపు చూసిన చేపకు పెట్టిన పేరు తర్వాత్తర్వాత ఇరాన్ వైపు నుంచి ఇండోనేషియా దాకా ఉన్న అన్ని చిన్న మట్టలకూ అంటుకుంది. మరి తాత తప్పా, పుస్తకం తప్పా?

ఈ ప్రశ్నకు జవాబు కళ్లతో దొరకదని తర్వాత తెలిసింది. మంచినీటి చేపల్లో ఒక గొప్ప సంగతుంది. పక్షి ఎగిరి కొండ దాటుతది, పులి నడిచి దాటుతది. వాగు చేప సముద్రం ఈదలేదు, కొండ ఎక్కలేదు. మట్ట తడి నేల మీద కొంచెం దూరం పాకుతది గానీ పెద్ద జలపాతం ఎక్కదు. నీటికి నీరు తగిలితేనే దానికి దారి. అందుకని ఒక వాగు రెండుగా చీలితే, లేదా మధ్యలో జలపాతం పడితే, అటు చేపలు అటే, ఇటు చేపలు ఇటే పిల్లల్ని పెడతాయి. వేల ఏళ్లు, లక్షల ఏళ్లు అలా గడిస్తే వాటి డీఎన్ఏలో తేడాలు పేరుకుంటాయి. పైకి మాత్రం ఒకేలా ఉండొచ్చు, ఎందుకంటే రెండూ అవే రాళ్ల మధ్య, అదే నీళ్లలో బతికాయి. అంటే చేపల వంశవృక్షం గీస్తే దాంతోపాటు నదుల పాత దారులు కూడా బయటపడతాయి. మాకు ఇది చదివినప్పుడు ఒళ్లు పులకరించింది.

ఎలా గీస్తారో మాకు అర్థమైనంత చెప్తాం. జీవకణంలో మైటోకాండ్రియా అని ఉంటది, దానికి సొంతంగా చిన్న డీఎన్ఏ ఉంటది. చేపల్లో సుమారు 16,500 అక్షరాలు, అంతే. ఏ, టీ, జీ, సీ అనే నాలుగు అక్షరాలే మళ్లీ మళ్లీ. ఇది తల్లి నుంచే బిడ్డకు వస్తది. అమ్మ, అమ్మమ్మ, ఆమె అమ్మ, అలా వెనక్కి పోయే ఒక్క దారి. అందులో ఒక జన్యువులో 650 అక్షరాల ముక్క తీసి చదివితే చాలావరకు జాతి తెలిసిపోతదని 2003లో కెనడాలో పాల్ హెబర్ట్ బృందం చెప్పింది. దుకాణంలో సబ్బు మీద గీతలున్నట్టు, జీవికి బార్‌కోడ్ అన్నమాట. దాదాపు ఆ రోజుల్లోనే మన హైదరాబాద్ సీసీఎంబీలో లాల్జీ సింగ్, ఎస్.కె. వర్మ వేరే మైటోకాండ్రియా జన్యువు పట్టుకుని, ఏ జంతువు మాంసం ముక్కైనా ఏ జాతిదో చెప్పే పద్ధతి తయారుచేశారు. వేట కేసుల్లో అది వాడారు. కెనడా పేరు అన్ని పుస్తకాల్లో ఉంటది, హైదరాబాద్ సంగతి మాకు ఎవరూ చెప్పలేదు.

ఒక్క ముక్కతో అన్నీ తేలవు. రెండు జాతులు కలిసి సంకరమైతే తల్లి దారి ఒక్కటే కనపడతది, తండ్రి కనపడడు. అందుకే కణ కేంద్రకంలోని జన్యువులు కూడా చదువుతారు, ఎముకలు, పొలుసులు, రెక్కల ముళ్లు లెక్కపెడతారు. అన్నీ ఒకే మాట చెప్తేనే నమ్ముతారు.

ఇప్పుడు అసలు సంగతి. 2017లో ప్రపంచం నలుమూలల మట్టలు, కొరమీనుల బార్‌కోడ్లు కలిపి చూసిన ఒక పరిశోధన వచ్చింది. గచువా అని ఒక్క పేరుతో పిలుస్తున్నది ఒక్క జాతి కాదు, చాలా వంశాలు ఆ పేరు కింద దాక్కున్నాయని తేలింది. స్ట్రయేటా కూడా అంతే. మూడేళ్ల తర్వాత, 2020లో, శ్రీలంక, దక్షిణ భారతం చిన్న మట్టల్లో ఒకటి వేరే జాతేనని నిరూపించారు. దానికి పేరు కొత్తగా పెట్టక్కర్లేకపోయింది. 1861లోనే గుంథర్ అనే ఆయన కెలార్టీ అని పెట్టాడు. తర్వాత వచ్చినోళ్లు "అది కూడా గచువానే" అని కొట్టేశారు. నూట యాభై ఏళ్లకు పైగా ఆ చేప ఉంది, పేరు ఉంది, కానీ లెక్కలో లేదు.

కావేరిలో మూపు ఉన్న మహసీర్ కథ ఇంకా విడ్డూరం. యాభై కిలోలు దాటే చేప, తెల్లదొరల కాలం నుంచి గాలం వేసేవాళ్లందరికీ తెలిసిన చేప. దానికి సరైన శాస్త్రీయ నామం 2018 దాకా లేదు. డీఎన్ఏ, ఆకారం రెండూ చూశాక తెలిసిందేమంటే, కేరళ పాంబార్ నదిలో 2007లో వర్ణించిన టోర్ రెమాదేవీ, ఇదీ ఒకటేనని. పేరు దొరికిన ఏడాదే అంతరించే ప్రమాదం అత్యంత తీవ్రంగా ఉన్న జాతుల్లో చేర్చారు. పేరు లేనన్ని రోజులూ ఆ జాబితాలో పెట్టే వీలే లేదు. ఇది చదివాక మేం ముగ్గురం హాస్టల్ మెట్ల మీద చాలాసేపు మాట్లాడుకోకుండా కూర్చున్నాం. మా వాగు పైన జలపాతం, కింద ప్రాజెక్టు నీళ్లు ఏ ఏటికి ఎక్కడిదాకా వస్తాయో ఎవరికీ తెలియని పల్లం. పారే నీళ్ల చేప నిలవ నీళ్లలో ఏమైతది? అది వేరే జాతా కాదా అన్నది తేలకుండానే పోతే?

సరే, తేలుద్దాం అనుకున్నాం. ఇక్కడ మా తెలివి చూడండి. దసరా సెలవులకు పోయి పై వాగువి మూడు, కింద వాగువి నాలుగు పట్టాం. కాలేజీ మ్యూజియంలో సీసాల్లో చేపలు ఫార్మలిన్‌లో ఉంటాయి కదా, మేమూ అదే సీసా పట్టుకుపోయాం. కళ్లు మండుతుంటే ముక్కులు మూసుకుని అన్నీ అందులో వేశాం. లేబుళ్లు రాశాం, ఫొటోలు దిగాం. హైదరాబాద్‌లో పరిశోధన చేస్తున్న మన సీనియర్ అక్క దగ్గరికి బస్సులో ఒళ్లో పెట్టుకుని తీసుకెళ్లాం. అక్క సీసా మూత తీసి వాసన చూసి మళ్లీ పెట్టేసింది. ఏమీ అనలేదు, అదే ఇంకా భయమేసింది. ఫార్మలిన్ ఒంటిని గట్టిపరుస్తది, ఆకారం చెడనివ్వదు. కానీ డీఎన్ఏని ప్రొటీన్లతో ముడి వేసేస్తది, ముక్కలు చేస్తది. దాంట్లోంచి అక్షరాలు చదవడం మహా కష్టం. కావాల్సింది చిక్కని ఆల్కహాల్. ఆ ఏడు చేపలూ ఎముకలు లెక్కపెట్టడానికే పనికొచ్చాయి. ఇది మీలో జువాలజీ వాళ్లకోసం ప్రత్యేకంగా రాస్తున్నాం, మాలాగా చేయకండి.

రెండోసారి పోవాలంటే తాతకు మొహం ఎలా చూపించాలి? ఏడు చేపల్ని ఊరికే చంపాం. పోయాం. ఆయన తిట్టలేదు. జీలుగు కల్లు చిప్ప పక్కన పెట్టి ఒక మాట అడిగాడు. "అప్పుడెప్పుడో మా రక్తం తీస్కపోయారు, రిపోర్టు రాలేదు. మళ్లోసారి ఎవరో జీపులో వచ్చి చేపలు తీస్కపోయారు, ఏ చేపో చెప్పలేదు. ఇప్పుడు మీరు తీస్కపోతారు. మీరైనా చెప్తారా?"

మేం తల దించుకున్నాం. ఆ జీపు వాళ్లు ఎవరో మాకు తెలియదు, తెలిసినా ఇక్కడ రాయం. కానీ మేం మొదటిసారి పోయినప్పుడు కూడా ఊళ్లో ఎవర్నీ అడగలేదు. మన వాగే కదా అనుకున్నాం. ఈసారి ఊరి పెద్దల దగ్గర కూర్చుని, ఏం తీస్తాం, ఎందుకు తీస్తాం, ఏం తెలిస్తే అది వచ్చి చెప్తాం అని ఒప్పుకున్నాం. పెద్దలు రెండు షరతులు పెట్టారు. చేపను చంపొద్దు, వాగు పేరు బయట చెప్పొద్దు. రెండోదానికి కారణముంది. రంగు రంగుల మట్టల్ని అద్దాల తొట్లలో పెంచుకునే సరదా ఇప్పుడు బాగా పెరిగింది. ఈశాన్య రాష్ట్రాల మట్టలకు మంచి రేట్లున్నాయి. కొత్త రకం ఫలానా వాగులో ఉందని తెలిస్తే సంచులు పట్టుకుని దిగుతారు. అందుకే ఊరు పేరు రాయలేదు, అర్థం చేసుకోండి. మొదటి షరతుకు దారి దొరికింది. తోక రెక్క చివర గోరంత ముక్క కత్తిరిస్తే చాలు, చేపను మళ్లీ నీళ్లలో వదిలేయొచ్చు. రెక్క మళ్లీ పెరుగుతది. అయితే రేపు ఎవరైనా "ఏ చేప ముక్కయ్యా ఇది" అంటే చూపించడానికి ఒకటైనా ఉండాలి కదా. మా ఫార్మలిన్ చేపలు ఆ రకంగా అక్కరకొచ్చాయి. అవీ ఆ వాగువే.

ఆ పూట కింద వాగులో నాలుగు దొరికాయి. పై వాగులో పొద్దంతా కూర్చుంటే ఒక్కటి. అక్క ల్యాబులో ముక్కల్ని కరిగించి, డీఎన్ఏ తీసి, కావాల్సిన జన్యువుని యంత్రంలో కోట్ల కాపీలు చేసి, జెల్ మీద పెట్టి లైటు వేసింది. చీకట్లో సన్నని వెలుగు గీతలు. మా వాగు చేప గీత! ఫొటో తీసి ఇంటికి పంపాం, అమ్మ "ఇదేంట్రా ట్యూబులైటా" అంది. కింద వాగువి మూడు శుభ్రంగా చదవగలిగాం. పై వాగు చేప ఒక్కటే ఒక్కటి, దాని అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడి వచ్చాయి. ముక్క చిన్నదైపోయిందని అక్క అంది. అంటే మేం అడిగిన ప్రశ్నకు జవాబు రాలేదు. తాత కరెక్టా, పుస్తకం కరెక్టా అన్నది ఇంకా అక్కడే ఉంది.

అయినా మూడు చేపల అక్షరాల్ని ప్రపంచం మొత్తం దాచుకునే భాండాగారంలో పెట్టి వెతికాం. దగ్గరి చుట్టాలుగా వచ్చినవాటి మీద కొన్నిటికి గచువా అని, కొన్నిటికి ఓరియెంటాలిస్ అని పేర్లున్నాయి. అక్షరాలు దాదాపు అవే, పేర్లు రెండు. మేం తలలు పట్టుకుంటే అక్క నవ్వింది. ఓరియెంటాలిస్ శ్రీలంకలోనే ఉండే చేప, దానికి పొట్ట కింది రెక్కలుండవు. మన దేశంలో పట్టిన, రెక్కలున్న మట్టలకు ఎవరో ఆ పేరు రాసి భాండాగారంలో వేశారు, తర్వాతోళ్లు దాన్ని చూసి రాశారు. పొట్ట కింద ఒకసారి తిప్పి చూస్తే అయిపోయేది. డీఎన్ఏ అబద్ధం చెప్పదంటారు, దానికి పేరు రాసేది మాత్రం మనిషే. మా తాత అయితే చేపను తిప్పకుండా పేరు చెప్పడు.

బార్‌కోడ్లతో చెట్టు గీయడం కూడా అక్కే నేర్పింది. ఇక్కడే మాకు ఆ క్లాసు గుర్తొచ్చింది. ఈ చెట్టులో మెట్లు ఉండవు. కొమ్మలే. ఇప్పుడు బతికున్న ప్రతి చేపా కొమ్మ చివరే ఉంటది. గచువా, కొరమీను, ఆఫ్రికాలో ఉండే వాటి చుట్టాలు పారాచన్నాలు, అన్నీ ఒక్క పాత తల్లి నుంచి ఈ రోజు దాకా సరిగ్గా అంతే కాలం నడిచి వచ్చాయి. ఒకటి దారిలో ఆగిపోయి, ఇంకొకటి ముందుకు పోయింది అని గీయడానికి చోటే లేదు.

కేరళలో 2018 వరదల తర్వాత ఒక వరి పొలంలో వింత చేప దొరికింది. ఎవరో ఫొటో తీసి సోషల్ మీడియాలో పెడితే శాస్త్రవేత్తలు చూశారు. భూమి లోపలి నీళ్లలో ఉండే చేప. 2019లో దానికి ఎనిగ్మాచన్నా గోలమ్ అని పేరు పెట్టారు. కొరమీనుకు ఉన్న గాలి పీల్చే అవయవం దీనికి లేదు. డీఎన్ఏ, ఎముకలు చూశాక 2020లో ఏకంగా వేరే కుటుంబమే అన్నారు. కొరమీనుల వంశం నుంచి ఇది ఎప్పుడు విడిపోయిందంటే, లెక్క కట్టడానికి ఏ శిలాజాన్ని ఆనవాలుగా తీసుకున్నామన్న దాన్నిబట్టి 3 కోట్ల 40 లక్షల ఏళ్లు కావొచ్చు, 10 కోట్ల 90 లక్షల ఏళ్లు కావొచ్చు అని రాశారు. డీఎన్ఏ గడియారం ముల్లు ఉన్న గడియారమే గానీ టైము పెట్టాల్సింది శిలాజంతో. ఏ శిలాజంతో పెడితే ఆ టైము చూపిస్తది. పేపర్లు మాత్రం "సజీవ శిలాజం" అని హెడ్డింగు పెట్టాయి. ఆ చేపకు కొన్ని పాత లక్షణాలు మిగిలాయి, నిజమే. కానీ చీకటి నీళ్లలో బతకడానికి ఎన్ని కొత్తవి సంపాదించుకుందో! అదేమీ కోట్ల ఏళ్లు కళ్లు మూసుకుని కూర్చోలేదు.

మేం ఆ సారును మళ్లీ కలిశాం. పోట్లాడదామని కాదు. మా మూడు చేపల చెట్టు ప్రింటు తీసుకెళ్లి చూపించాం. "సార్, ఇందులో ప్రిమిటివ్ చేప ఏది?" అని మాలో ఒకరు అడిగారు, గొంతు కొంచెం వణికింది. సారు కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూశారు. "చెట్టులో అలా చెప్పలేం" అన్నారు. ఇంకేమీ అనలేదు. టీ తాగి వెళ్లమన్నారు, తాగాం. ఆయనకు ఆ పాత రోజు గుర్తుందో లేదో మాకు తెలియలేదు, అడగలేదు కూడా.

సంక్రాంతికి ఊరెళ్లి ఒప్పుకున్నట్టే పెద్దల ముందు చెప్పాం. కింద వాగు చేప సంగతి ఇదీ, పై వాగుది తేలలేదు, మేమే ముక్క చిన్నది కోశాం అని. నవ్వుతారనుకున్నాం, నవ్వలేదు. తాత ప్రింటు తిరగేసి పట్టుకుని చూసి, "ఇందులో మన వాగు ఏదీ?" అన్నాడు. చూపించాం. వేలు పెట్టి కొమ్మ వెంట వెనక్కి జరుపుకుంటూ పోయి, రెండు కొమ్మలు కలిసే చోట ఆపాడు. "ఇక్కడ నీళ్లు కలిసి ఉండేవన్నమాట" అన్నాడు. మాకు అది పుస్తకంలో రెండు పేజీలు చదివితే గానీ ఎక్కలేదు.

పంచాయతీలో ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ అని ఉంటది, 2002 చట్టం ప్రకారం ప్రతి ఊళ్లో రాయాల్సింది. మాది తీయించి చూశాం. చేపల పేజీలో 'మట్ట' అని ఒక్క మాటే ఉంది. ఇప్పుడు దాని కింద తాత చెప్పినవన్నీ రాయిస్తున్నాం. ఎక్కడ ఉంటది, పిల్లల్ని ఎలా కాస్తది, అంచు రంగేంటి, ఎవరు చెప్పారు. 'ఎవరు చెప్పారు' అన్న దగ్గర తాత పేరు రాయించడానికి ఆయన ఒప్పుకోలేదు, "మా అయ్య పేరు రాయండి, నాకు చెప్పింది ఆయనే" అన్నాడు. అదే రాశారు.

తూర్పు కనుమల వాగుల్లో ఇంత లోతుగా చూసినోళ్లు తక్కువ, పడమటి కనుమల మీద జరిగినంత పని ఇటు జరగలేదు. కాబట్టి మీ నుంచి మాకు ఒకటి కావాలి. పాడేరు, అరకు, సీతంపేట, భద్రాచలం, ఉట్నూరు, ఎక్కడివారైనా సరే, మీ ఇళ్లలో పెద్దవాళ్లను అడగండి. మీ వాగులో మట్టలు ఎన్ని రకాలు? ఏ పేర్లు? మీ భాషలో ఎలా అంటారో అలాగే రాయండి, తెలుగు చేయొద్దు. వాగు పేరు రాయొద్దు. మేం వానలు తగ్గాక పై వాగుకు మళ్లీ పోతున్నాం. ఈసారి ఆల్కహాల్ సీసాలు అక్క ముందే పంపింది, ముక్క కొంచెం పెద్దది కోస్తాం. తాతకు మోకాళ్లు నొప్పి, జలపాతం ఎక్కలేనంటున్నాడు. మావు మాత్రం అల్లి పెట్టాడు.